పది శాతం తరుగు

కరెంటు బిల్లు వెనక వేపు
తెల్లగానే ఉంది కదా అని
అక్కడే మొదలుపెట్టాను.

కట్టెల పొయ్యి వెనక గోడ.
వెడల్పు మూడు మీటర్ల ఇరవై, ఎత్తు రెండూ నలభై.
టేపు రెండో కొస ఇద్వల్ పట్టుకున్నాడు
కుర్చీ మీద నిలబడి, చిరుగు సాక్సులతో.
ఏడూ ముప్పావు చదరపు మీటర్లకి
గోరంత తక్కువ.

"మరో పది శాతం కలుపుకోండి, తరుగు" అన్నాడు
షాపులో డైనియోల్, పెన్సిలు చెవికి చెక్కుకుంటూ.
"మూలల్లో విరుగుతాయి, కోతలో పోతాయి."

తరుగు!
బ్లైనై ఊళ్ళో పుట్టినవాడు
ఆ మాట అంత తేలిగ్గా ఎలా అన్నాడో.
వాడి షాపు కిటికీ నిండా ఉన్నది మరేమిటి?
ఊరి నెత్తిన వంగి నిలబడ్డ ఆ బూడిద రంగు కొండలు
దేవుడు చేసినవి కావు,
మావాళ్ళు పారబోసినవి.
పది బండలు పైకొస్తే తొమ్మిది అక్కడికే.
పదోది ఎవరి ఇంటికో కప్పయ్యేది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
మా నాన్న కూర్చోలేదు.
తొడకి గొలుసు చుట్టుకుని
కొవ్వొత్తి వెలుగులో వేలాడాడు.
అయినా కరిగింది.

సరే, లెక్కకొద్దాం.
పాత ప్లాస్టరు ఈ బరువు మోయదట, బోర్డు కొట్టాలి.
బోర్డుకి మరలు.
జిగురు ఆరు బస్తాలు.
సందుల్లో పూత, పైన పూత,
రాయి నీళ్ళు తాగకుండా ఇంకో పూత.
కోత మిషను రెండ్రోజుల అద్దె.
రాయికి మూడు వందల తొంభై ఒకటి,
రాయి కానివాటికి మూడు వందల నలభై ఒకటి.
రేపు మా ఇంటికొచ్చి
"ఆహా, ఎంత బాగుంది జిగురు" అని
ఎవరంటారు?

బిస్కెట్ల డబ్బాలో ఉన్నవి రెండు వందల నలభై పౌన్లు,
బడి వంటింట్లో నేను
ఏడాదిపాటు ఉర్లగడ్డలు చెక్కిన డబ్బు.

"బయట కొండంత ఉచితంగా పడుంది కదమ్మా" అంది పిల్ల.
ఉంది. ముళ్ళకంచె ఉంది, కంపెనీ బోర్డూ ఉంది.
అవన్నీ లేకపోయినా
ఉలి ఆనించి, ఒక్క దెబ్బకి
పుస్తకంలా తెరిచే చెయ్యి
ఈ వీధిలో ఇంకెవరికుంది?

నమూనా పలక బల్ల మీద పెట్టాం.
వెనక ఏదో దూరపు రేవు ముద్ర.
సముద్రాల అవతలి ఇళ్ళకి కప్పులు పంపిన ఊరికి
ఓడెక్కి వచ్చిన రాయి.
ఇద్వల్ దాని గరుకు మీద బొటనవేలు తిప్పుతూ
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పక్కింటి నెస్టా చక్కెర కోసం వచ్చి
కళ్ళజోడు సర్దుకుని చూసింది.
"నలభై ఏళ్ళు ఆయన కోటు గుమ్మం బయటే దులిపాను,
రాయి ఇంట్లోకి రాకూడదని.
మీరేమో డబ్బిచ్చి పిలుస్తున్నారా?"
నవ్వుతూనే అంది.
ఆమె మొగుడి దగ్గు
ఈ గోడకి అవతలి వేపునుంచే కదా
చిన్నప్పుడు నేను విన్నది.

ఆమె వెళ్ళాక
బిల్లు మీద అన్నీ కొట్టేశాను.
గోడంతా వద్దు.
పొయ్యి వెనక, మీటరు వెడల్పు, మీటరూ ఇరవై ఎత్తు,
పైనున్న ప్లాస్టరు గీకేస్తే కింద గట్టి గోడే.
మూడు పెట్టెలు, ఒక్క బస్తా జిగురు,
చిన్న సీసా పూత, సందులకి కాస్త పొడి.
మిషను డైనియోల్‌ది, ఆదివారం ఊరికే ఇస్తాడు.
మొత్తం నూట పదహారు.

మిగతా గోడకి సున్నమే.
ఇద్వల్ మొహం కాస్త చిన్నబోయింది,
ఆ కుర్చీని మళ్ళీ లోపల పెట్టాడు.

పొద్దున్నే చక్కెర గిన్నె తిరిగిస్తూ నెస్టా అడిగింది,
"విరిగిన ముక్కలు పారెయ్యకండి,
నా పూలకుండీ అడుగున వేస్తాను,
నీళ్ళు నిలవకుండా."

బిల్లు తీసి, తరుగు అన్నచోట
ఆమె పేరు రాశాను.