నల్లా నీళ్లు

ఇరవై ఆరేళ్ల పని. ముప్ఫై ఒక్క పత్రాలు.
వాటిని ఉటంకించినవాళ్లు పద్దెనిమిది వందల పైచిలుకు.
షార్జాలో, మా డీన్ గారి గది బయట గోడమీద
ఆ అంకె ప్రతి జనవరిలో కొత్త చొక్కా తొడుక్కుంటుంది.

అందులో సగం ఒక్క పత్రానివే.
పదిహేడో నంబరు అణువు: లేత పసుపు పొడి,
గాజుపళ్లెంలో క్షయ క్రిమిని చంపింది,
తర్వాత ఎలుక కాలేయాన్ని.
మందు కాలేదు. పేరైంది.
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం విన్నాం గానీ
కాపే లేని చెట్టు కింద
ఇన్ని తట్టలా!

ఎవరో ఒకరు పేజీ సంఖ్య తారుమారు చేశారు,
1147 కాస్తా 1174 అయింది.
ఆ తర్వాత అరవై మూడు మంది అదే పేజీ చూపించారు.
అక్కడున్నది నేను కాదు,
ఇంకెవరిదో దగ్గుమందు తాలూకు పట్టిక.
గొర్రెదాటు అనుకుని నవ్వుకున్నాను.
నవ్వుకుని, ఆ అరవై మూడునీ కలిపే చెప్పాను
ప్రమోషన్ ఇంటర్వ్యూలో.

మొన్న ఏప్రిల్లో ఒకావిడ తగిలింది.
ఉత్తరాన ఎక్కడో, సముద్రం గడ్డకట్టే ఊరు.
పేరు పలకడం నాకు రాలేదు.
పేజీ సరిగ్గా రాసింది. వాక్యం ఒక్కటే:
"చెప్పినట్టే మూడుసార్లు చేశాం,
డెబ్బై ఒక శాతం అన్నారు, తొమ్మిది వచ్చింది."

తిట్టే. అచ్చులో, అందరి ముందూ.
అయినా ఆ రాత్రి నాకు
ఎవరో ఇంటికొచ్చి, పీట వాల్చుకుని, అన్నం తిని
ఉప్పు తక్కువైందని చెప్పినట్టుంది.
పద్దెనిమిది వందల మందిలో
ఫ్లాస్కు పొయ్యిమీద పెట్టింది ఈమె ఒక్కతే.

పాత నోటుపుస్తకాలు దించాను.
తూకాలు చూశాను, ద్రావణులు చూశాను,
నా చేతిరాతనే అనుమానించాను.
గాజుసామాను కడిగే బుచ్చిమల్లు
ట్రే పట్టుకుని నా వెనక నిలబడి
"గది జులైల చేసిండ్రు గద మేడం" అన్నాడు.
అయితే?
"జులైల మన నల్లా నీళ్లు సల్లగ యాడుంటయి?
కండెన్సర్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుండె.
నేను జెప్పిన. మీరు ఇనలే."

నిజమే. ఇక్కడ జులైలో
మిద్దెమీద ట్యాంకు పొయ్యెక్కుతుంది.
చన్నీళ్ల కుళాయిలో వేణ్ణీళ్లు,
ఆపేసిన గీజర్లో దాచుకున్నవే చన్నీళ్లు.
పదకొండేళ్లుగా అలాగే స్నానం చేస్తున్నాను,
పత్రంలో మాత్రం "కుళాయి నీటితో చల్లబరచి" అని రాశాను.
ఆ వేడి గొట్టంలో నిలవలేక
మిథనాల్ ఆవిరి చడీచప్పుడు లేకుండా తప్పుకునేది.
అది పోబట్టే నా పొడి వచ్చేది.
ఆమె ఊరి నీళ్లు దాన్ని పట్టి పట్టి
మళ్లీ ఫ్లాస్కులోకే దించాయి.

ఆరు పంక్తుల సవరణ పంపాను.
చివర కృతజ్ఞతల్లో బుచ్చిమల్లు పేరు.
అచ్చయి తొమ్మిది నెలలు. ఉటంకింపులు సున్నా.
ఆమె మాత్రం ఒక ఉత్తరం రాసింది:
నలభై రెండు డిగ్రీల నీళ్లు పెట్టాం,
అరవై ఎనిమిది వచ్చింది, వేసవి ఎలా ఉంది అక్కడ?
అది ఏ లెక్కలోకీ రాదు.

ప్రింటు తీసిచ్చాను బుచ్చిమల్లుకి.
తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని
ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని
"నా పేరుల ఎల్ రెండుండాలె మేడం" అన్నాడు.
"లేబర్ కార్డుల ఒక్కటే పడ్డది, అప్పటిసంది గట్లనే ఉన్నది.
మీరు కార్డు చూసి రాసిండ్రా?"

కార్డు చూసే రాశాను.
రోజూ తొమ్మిది గంటలు నా పక్కనే ఉండే మనిషిని
అడగలేదు.