తరుగు గడి

ఎనుమాముల రోడ్డు మీద మా కోల్డ్ స్టోరేజి.
మార్చిల మిరప దిగుతుంటే
తుమ్మకుండ సంతకం పెట్టినోడు లేడు.
నాలుగు చాంబర్లు, ఎనభై వేల బస్తాలు,
అన్నిటికీ ఒక్క ఎర్రట్ట చిట్టా,
దాని అంచులకు ఎలుకలు, నడుమ నేను.

"ఇగ చాలు, కంప్యూటర్ల పెట్టుర్రి" అన్నడు కాశీనాథం సేటు.
పోయినేడు నలభై మూడు బస్తాలు లెక్కకు దొరకనప్పటి సంది
ఆయనకు చిట్టా అంటె చెమట.

మొదటాయన హైదరాబాద్ కెళ్లి వచ్చిండు.
బస్తా బస్తాకు గీతల స్టిక్కర్,
తుపాకి లెక్క పెడితె టిక్కుమంటదట.
ఒక్క స్టిక్కర్ అడుక్కొని
రెండో చాంబర్ల గోనె మీద అతికిచ్చి
ఆయనకు చాయ్ పోసిన.
గ్లాసు ఖాళీ అయ్యేలోపు
చలికి చెమ్మపట్టి స్టిక్కర్ నేల మీద.

రెండోది అగ్గువ.
తేజకు గడి ఉంది, వండర్ హాట్‌కు ఉంది,
చపాట కూడ ఎట్లనో సర్దుకుంది.
తాలు ఎటు పోవాలె?
"ఇతరములు" అన్నడు పిల్లగాడు.
తరుగు ఏడ రాయాలె అన్న.
వచ్చినప్పుడు నలభై కిలోలు,
ఆర్నెల్లకు తీస్తె ముప్పై తొమ్మిదిన్నర.
ఆ అరకిలో ఎవలు తినలే, గాలి తిన్నది.
తెర మీద ఎర్రక్షరాలు లేచినయి:
తేడా. బాధ్యులు ఎవరు?
పేరు రాయకపోతె ముందుకు పోదు.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు.
పోయినేడు మేమూ అదే అడిగినం,
చేతికందిన పేరు రాసినం:
ఓదెలు, రెండో చాంబర్ హమాలీ మేస్త్రి.
నాలుగు నెలల కూలి ఆపినం.
బతుకమ్మ ముందట మూడో చాంబర్ ఖాళీ చేస్తుంటె
ఎవలదో లాట్ వెనక
నలభై మూడూ పేర్చింది పేర్చినట్టే ఉన్నయి.
మూడు రాసేకాడ రెండు రాసింది నా చెయ్యి.
కూలి ఇచ్చేసినం.
ఆ పేజీ సేటు చింపేసిండు.
అన్న మాట మాత్రం మార్కెట్ల తిరుగుతనే ఉంది.

మూడో ఆమె నుస్రత్, హన్మకొండ నుంచి స్కూటీ మీద వచ్చింది.
ముందుగాల ట్యాబు తీయలే.
"బస్తాలు ఎవలు మోస్తరు?" అన్నది.
చున్నీ ముక్కుకు కట్టుకొని, అయినా తుమ్ముకుంట,
ఓదెలు ఎంబడి నాలుగు చాంబర్లు తిరిగింది.
గోనె మీద అరచెయ్యి ఆనిచ్చి
లోపల చెమ్మ ఉన్నదో లేదో ఆయన చెప్తుంటె
"దీనికి ఒక గడి పెడత" అన్నది.
స్టిక్కర్ వద్దు, లాట్‌కు ఒక రేకు బిళ్ల చాలట.
కరెంటు పోతె ఫోన్ల నడుస్తదట, వచ్చినంక కలుస్తదట.
ధర విని సేటు మూతి ముడిచిండు.

నేను ఆఖరు మాట అడిగిన:
రాసింది తప్పయితె తుడుచుడెట్ల?
"తుడుచుడు లేదక్కా. గీత కొట్టొచ్చు.
కింద పాతది కనబడతనే ఉంటది,
ఎవలు కొట్టిండ్రో, ఎందుకు కొట్టిండ్రో, అన్నీ."
మొదటి ఇద్దరు ఒక్క వేలుతోని
మాయం చేసి చూపిచ్చిండ్రు. అది వాళ్ల గొప్ప.

సేటును ఒప్పిచ్చుడుకు రెండు దినాలు పట్టింది.
న్యాయం, ధర్మం మాట ఎత్తలే.
బ్యాంకు లోను అన్న, బీమా అన్న.

ఉగాది తెల్లారి పాత లెక్కలు ఎక్కిస్తున్న.
నలభై మూడు దగ్గర
కారణం? అని ఆగింది తెర.
కొట్టిన: గుమాస్తా పొరపాటు. ఓదెలుది కాదు.
పక్కన నా పేరు, టైము
తమంతట తామే పడ్డయి.

ఓదెలును పిలిచి చదివి వినిపిచ్చిన.
"గిది ఎవలెవలకు కనబడతది?"
"లాగిన్ ఉన్నోళ్లందరికి."
"మా హమాలోళ్లకు?"
"వాళ్లకు లాగిన్ లేదు."
కొద్దిసేపు తెర దిక్కు చూసిండు.
"అయితె కాయితం మీద తీసియ్యి."

తీసిచ్చిన.
నాలుగు మడతలేసి
బీడికట్ట ఉన్న జేబుల పెట్టుకొని
లారీ దిక్కు నడిచిండు.