గాలెమ్మ లెక్క

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
మా నాయన యలమంద చట్రాలు బిగించేవాడు.
సాయంత్రానికి ఆయన రెప్పలు, మీసం, చెవుల్లో వెంట్రుకలు
అన్నీ ఒకే రంగు, తడవని రాతి రంగు.
ఇంటికొచ్చి మొహం కడుక్కుంటేగానీ
మా నాయనో పక్కింటాయనో తెలిసేది కాదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
సుబానీకి పలక లేదు.
ఎక్కడెక్కడి పిల్లలకో పలకలు పంపే ఊళ్ళో
వాడు సిమెంటు అరుగు మీద బలపంతో రాసేవాడు.
సారు వచ్చి చూసేలోపు
ఎవరో ఒకరు దాని మీద కూచునేవాళ్ళు.

గడ్డి పరిచిన పెట్టెలోంచి ఒకటి తీశాను.
చొక్కా కింద పొట్టకు ఆనించుకుంటే చల్లగా ఉంది.
గేటు దాకా ఆ చల్లదనం నాదే.
మేస్త్రీ తిరపతయ్య చొక్కా ఎత్తాడు.
పలక జారి రాయి మీద పడింది.

నాయన చట్రం బద్ద తీసుకున్నాడు.
ఎన్ని దెబ్బలో లెక్క పెట్టలేదు,
ఒకటి మాత్రం చూశాను.
కొట్టినంతసేపూ నాయన కళ్ళు నా మీద లేవు.
దెబ్బదెబ్బకూ మేస్త్రీ మొహం చూస్తున్నాడు,
చాలా, ఇంకోటా, అన్నట్టు.
"చాల్లే యలమందా, పిలగాడు" అన్నాక
ఆ బద్దనే తీసుకుపోయి
ఇంకో పలకకు బిగించాడు.

రాత్రి అమ్మ వాతలకు కొబ్బరినూనె రాస్తా
"ఇంకెప్పుడన్నా చేస్తావా?" అంది.
చెయ్యనన్నాను.
తుమ్మచెట్టు పక్కన గోడ పొట్టిది,
ఈసారి అటునుంచి పోవాలి అనుకున్నాను.
బద్ద నాకు నేర్పింది అంతవరకే.

శనివారం బట్వాడా.
పెట్టెలు లెక్కపెట్టే గాలెమ్మ
వేలిముద్ర వేసి, డబ్బులు కొంగున కట్టుకుని
మళ్ళీ ముడి విప్పి లెక్కపెట్టుకుంది.
"రెండు రూపాయలు తగ్గినై సామీ."
"నీ పెట్టెలో పలక తగ్గలా?"
"దొరికింది గదా, ఆ పిలగాడి దగ్గిర."
"దొరికింది. పగిలింది."
ఆమె ఇంకేం మాట్లాడలేదు.
నా వైపు చూసింది. తిట్టలేదు.
తిడితే బాగుండేది.
చిన్నకూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని
జిలేబీ కొట్టు దాటేదాకా
వేరే ఏదో కబురు చెప్తా లాక్కుపోయింది.

ఆరోజు నాకు ఎక్కడా వాత తేలలేదు.
ఇప్పటికీ నూనె రాసుకోడానికి చోటు దొరకదు.

రెండు రూపాయలు కూడబెట్టేసరికి
గాలెమ్మ దర్శి వైపు మిరప కోతలకు పోయింది.
ఆ డబ్బులు చివరికి ఏం చేశానో
ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను.

ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాం.
నా కూతురు నిస్సీ, ఆరో తరగతి,
బళ్ళో ఫిల్టరు కుళాయి విరగ్గొట్టి
భార్గవి పేరు చెప్పింది.
ఆ పిల్ల రెండు పీరియడ్లు ఎండలో మోకాళ్ళ మీద ఉంది.
ఈ సంగతి తమ్ముడికి నవ్వుతా చెప్తుంటే విన్నాను.

నా చెయ్యి లేచింది.
అది నాయన చెయ్యి. అదే ఎముక, అదే ఎత్తు.
ఎవరి మొహం చూడాలో తెలీక
గాల్లో కాసేపు ఆగి, దిగింది.

రెండు వడ్డించకపోతే చెడిపోద్ది అంటుంది మా ఆవిడ.
కాదనడానికి నా దగ్గర రుజువు లేదు.
తిన్నవాణ్ణి నేను బాగుపడ్డానో లేదో నాకే తెలీదు.

చెప్పులేసుకోమన్నాను.
రెండు వీధుల అవతల ఇల్లు.
వసారాలో భార్గవి, గౌను పైకి మడుచుకుని
మోకాళ్ళకు పసుపు పెట్టుకుంటోంది.
నిస్సీ నా చెయ్యి వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది.
"నాన్నా, ఇంటికి పోయి కొట్టు.
ఎన్నైనా కొట్టు. ఇక్కడొద్దు."

నాయన కంటే క్రూరమైన పని చేస్తున్నానేమో.
గ్రిల్లు తలుపుకి గడియ లోపలివైపుంది.
పిల్ల వేళ్ళు దూరేంత సందుంది.
నేను రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను.