పదిహేను పాళ్లు

"పని గాలికొదిలేశావురా" అని
మెట్‌పల్లిలో మా మేస్త్రీ తిట్టేవాడు.
ఇక్కడ కువైట్‌లో
గాలే నా పని.

షర్క్‌లో బ్యాంకు బిల్డింగు.
ముప్పై ఒకటో అంతస్తు మీద యంత్రాల గది.
అక్కడ రేకుల రెక్కలతో ఒక పెద్ద కంత,
మేం డ్యాంపర్ అంటాం.
బయటి గాలి నూటికి పదిహేను పాళ్లు
అని ఎర్ర మార్కర్‌తో గీత.
మిగతా ఎనభై ఐదు పాళ్లూ
పొద్దుటిదే, నిన్నటిదే,
చల్లార్చి, వడగట్టి, మళ్లీ వడ్డించే గాలి.
చద్దన్నం అందామంటే
చద్దన్నానికి రుచైనా ఉంటుంది.

మధ్యాహ్నం మూడింటికి
పద్దెనిమిదో అంతస్తు మీటింగు గదిలో
పద్నాలుగు మంది ఆవులిస్తారు.
మచ్‌బూస్ ఎక్కువ తిన్నామనుకుంటారు.
తప్పు మాంసానిది కాదు.
నా చేతిలో మీటరు పదమూడు వందలు చూపిస్తుంటుంది.
పైకెళ్లి రెక్కని
చిటికెన వేలంత తెరుస్తాను.
ఇరవై నిమిషాలకి లోపల ఎవరో నవ్వుతారు.
టీ తెచ్చిన శ్రీలంక కుర్రాడికి
ఆ రోజు మొదటిసారి థ్యాంక్స్ చెబుతారు.

ఒక గురువారం ఆ మీటరుని
టిఫిను డబ్బాలో దాచి జలీబ్‌కి తెచ్చాను.

మా గది. ఏడుగురం.
ఉన్న ఒక్క కిటికీలో ఏసీ కూర్చుంది.
సందుల్లో అట్టముక్కలు, వెండి కాగితం, టేపు.
చల్లదనం చుక్క కూడా బయటికి పోకూడదని
మేమే అంటించుకున్నాం.
ఎండుచేపల పులుసు, తలనొప్పి బామ్,
ఆరని బనియన్లు, రుహుల్ అమీన్ అగరొత్తి,
అన్నీ లోపలే,
వెళ్లమంటే వెళ్లని చుట్టాల్లా.

పదకొండింటికి పదిహేను వందలు.
"మన జీతం కంటే తొందరగా పెరుగుతోందే" అన్నాడు ఓబులేసు.
పన్నెండున్నరకి రెండువేల ఆరొందలు.
పావు దినార్ పందెం కాసి
గెలిచేదెవరో చూడకుండానే పడుకున్నారు.
రెండింటికి నేనొక్కణ్నే చూశాను,
చీకట్లో పచ్చగా
మూడువేల నాలుగొందల పన్నెండు.
మస్తాన్ వదిలింది గంగన్న పీలుస్తున్నాడు,
గంగన్న వదిలింది నేను.
పొద్దున లేవగానే తల బరువెక్కితే
అప్పు గుర్తొచ్చి అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి,
హారిస్ కునుకు తీసే వేళ చూసి,
రుహుల్ అమీన్ మా తలుపు ఊడదీశాడు.
వాడు వడ్రంగి.
అడుగున రెండు వేళ్ల వెడల్పు కోశాడు.
స్నానాల గది గోడ కంతలో
చెత్తలో దొరికిన ఫ్యాను బిగించాను,
ముఖం బయటికి పెట్టి.
గాలి రావాలంటే ముందు గాలి పోవాలి.
ఇంత మాటకి పుస్తకాల్లో నలభై పేజీలుంటాయి.

వచ్చింది తాజా గాలని అనను.
పక్కగది నేపాలీల ఉల్లిపాయల వేపుడు,
మెట్ల కింద పిల్లి,
వీధిలోని దుమ్ము.
కానీ అది వేరే చోటు నుంచి వచ్చింది.
ఓబులేసు నేల మీద బోర్లా పడుకుని
ఆ సందుకి చెంప ఆనించి
"వస్తోంది వస్తోంది" అని అరిచాడు,
బోరులో నీళ్లు పడ్డట్టు.
అంకె మెల్లగా దిగి
పదకొండు వందల దగ్గర ఆగింది.
కోసిన చెక్కముక్క గోడకి కొట్టాం.
దాని మీద ఇప్పుడు ఏడు ఫోన్లు నిలబడతాయి.

ఆదివారం ఇంజనీరు వజ్దీ మీటరు అడిగాడు.
బటన్ నొక్కుతూ పాత లెక్కలు చూశాడు.
గురువారం రాత్రి రెండు గంటలు దాటాక, 3412.
"ఏ ఫ్లోర్ ఇది?"
నేను పానా తుడుచుకుంటున్నాను.
"రాజలింగూ, ఏ ఫ్లోర్?"
"మూడో ఫ్లోర్ సార్. జలీబ్‌లో."

ఆయన కాసేపు తలెత్తలేదు.
ఊపిరి బిగబట్టాడేమో,
మీటరు ముఖానికంత దగ్గరున్నా
అంకె కదల్లేదు.
తర్వాత రీసెట్ నొక్కి,
బయట తోజ్ లేస్తోంది,
వెళ్లి డ్యాంపర్ మూసెయ్ అన్నాడు.