మూలుగుతాడు అని రాసి ఉన్న చోట

నిన్న అంత్యక్రియలవాళ్ళు పిలిచారు,
కాస్త రంగు వెయ్యగలవా అని.
పెట్టె తెరిచాను, మూసేశాను.
తడిగుడ్డ ఒక్కటే వాడాను.

ముప్పై రెండేళ్ళు ఇద్వల్ రౌలాండ్స్ ముఖం నా చేతుల్లో ఉంది.
అందమూ కాదు, అనాకారీ కాదు,
బెథెస్డా క్వారీలో చీల్చి తీసిన పలక,
ఏం రాస్తే అది.

రెండో పోలీసు. బస్సు కండక్టరు. డచెస్ గారి గుర్రాలవాడు.
ఒక నవంబరులో రెండుసార్లు చచ్చాడు,
సోమవారం విషం తాగి,
గురువారం మెట్ల మీంచి దొర్లి.
నేను చెంపలకి బూడిదరంగు అద్దుతుంటే చెప్పేవాడు:
"మా అమ్మకి నిశ్చింత.
తొమ్మిదిలోపే నన్ను చంపేస్తారు,
ఆవిడ టీవీ కట్టేసి పడుకోవచ్చు."

లండన్‌లో ఒకాయన, యాస కొంచెం తగ్గించు అన్నాడు.
తగ్గించాడు.
ఆరేళ్ళకి ఇంకొకాయన, వేల్స్ వాడిలా లేవు, పెంచు అన్నాడు.
పెంచాడు.
ఆ రాత్రి క్యాంటీన్‌లో చల్లారిన బీన్స్ కెలుకుతూ
"అసలుది ఎంతో మర్చిపోయాను నెస్టా" అన్నాడు.
నవ్వాను.
నవ్వకుండా ఉండాల్సింది.

కార్డిఫ్ సీరియల్లో తొమ్మిదేళ్ళు మాంసం కొట్టువాడు.
డోల్గెల్లై సంతలో ఒకావిడ పట్టుకుని
పోయినవారం తూకంలో మోసం చేశావని దులిపేసింది.
క్షమాపణ చెప్పి, పక్క కొట్లో
నాలుగు ముక్కలు కొనిచ్చాడు. తన డబ్బుతోనే.

ఇక ఆ గని సినిమా.
అట్టతో చేసిన బండలు, నేను గ్లిజరిన్‌లో కలిపిన మసి.
స్క్రిప్టులో అతనికి ఒకే మాట: మూలుగుతాడు.
ఏడో టేకులో, బండల కింద నుంచి,
వాళ్ళ భాషలో ఏదో అన్నాడు.
ఏమిటది, అన్నాడు డైరెక్టరు.
"మూలుగేనండి. మా వైపు అలాగే మూలుగుతారు."
ఉంచేశారు.

లండన్‌లో ఎవరికీ వినపడలేదు.
బెథెస్డాలో చాపెల్ వెనక హాల్లో,
మడత కుర్చీలు, తడిసిన కోట్ల వాసన,
ఆ మూలుగు వచ్చేసరికి
ముందు వరసలో ఒక ముసలాయన టోపీ తీశాడు.
తర్వాత ఇంకొకరు.
ఎవరూ దగ్గలేదు.
నేను స్వాన్సీ దాన్ని, ఆ భాష నాకు రాదు.
పక్కనున్నావిడ మోచెయ్యి తట్టి అడిగాను.

"కొవ్వొత్తి ఆర్పెయ్, రేపటికి ఉంటుంది" అన్నాడట.
"క్వారీలో కొవ్వొత్తులు మన జీతంలోంచే కొనాలి కదమ్మా.
వాళ్ళ నాన్న లోపల ఉండిపోయిన రోజు
బయటికి వినపడిందట ఆ మాట."

దీపాలు వెలిగాయి.
ఆవిడ కోటు గుండీలు పెట్టుకుంటూ,
చివర్లో వాడి పేరు తప్పు రాశారు, చూశావా, అంది.

నేను చూడలేదు.