కాటా మీద కానాగంత

వీపు మీది చారలు చూసి
కానాగంత అని పేరు పెట్టింది అప్పలకొండే.
తన చేపల గంప దగ్గరికొస్తే
కర్ర విసిరేదీ ఆవిడే.

ఉగాది వెళ్ళిన రెండో వారం పొట్ట పొంగింది.
"కడుపుతో ఉందేటి?"
"మగదప్పా."
నవ్వుకున్నాం, ఆ ఒక్క పూట.

వెన్నుపూసలు వేలికి తగులుతున్నాయి,
పొట్ట మాత్రం నీళ్ళ బిందె.
జ్వరం ఏ సూదికీ దిగలేదు.

మద్దిలపాలెం సందులో డాక్టరమ్మ
పసుప్పచ్చటి జిగురునీరు తీసి,
గ్లాసు నీళ్ళలో వెనిగర్ కలిపి
ఒక్క చుక్క వదిలింది.
కరగాలి కదా చుక్క.
కరగలేదు.
తోక వేలాడేసుకుని నీళ్ళ మధ్య నిలబడింది
జాలరిపేట ఒడ్డుకి కొట్టుకొచ్చే జెల్లీచేపలా.

"చాలా పిల్లుల పేగుల్లో ఉండేదే,
ఊరికే ఉండిపోతుంది.
ఎందుకో, ఏదో ఒకదాంట్లో వేషం మారుస్తుంది."
పేరు చెప్పింది. పలకబోయి ఊరుకున్నాను.
"మునుపైతే ఇంటికి తీసుకెళ్ళిపోమనేదాన్ని.
ఇప్పుడు మందుంది.
ఎనభై నాలుగు రోజులు, ఒకే వేళకి,
బరువుని బట్టి మోతాదు."

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
హార్బరులో బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.
నేను పనిచేసే ఐసు ఫ్యాక్టరీలో
నేల కూడా పొడిగా ఉంది.
చేపలు గుడ్లు పెట్టడానికిచ్చిన సెలవు కన్నా
ఈ పిల్లి బతకడానికి
ఇరవై మూడు రోజులు ఎక్కువ కావాలి.

రోజూ ఏడింటికి అప్పలకొండ కాటా.
పళ్ళెం కడిగి, గోనె పరిచి,
"తోలేసిన సేత్తోనే ఎక్కిస్తన్నాను సూడు."
మొదట్లో నీరు దిగి బరువు తగ్గింది,
తగ్గితే మంచిదట.
తర్వాత పెరగడం మొదలైంది,
పెరిగితే మంచిదట.
నాకు ముల్లు ఎటు కదిలినా గుండె దడే.

ఇవాళ నలభయ్యో రోజు.
రెండు కిలోల నూట అరవై.
ఈ వారం చేరిందంతా కండే.
అంటే రేపట్నించి మందు ఎక్కువ పడుతుంది,
సీసా ముందే ఖాళీ అవుతుంది.
ఉంగరం ఎప్పుడో పూర్ణా మార్కెట్ దారిలో
సేటు బీరువాలోకి వెళ్ళింది.
ఇంకేం ఉంది? సైకిలుంది.

"బరువెక్కితే ఎక్కనీ" అని
ఎండు నెత్తలు ఒకటి అందించింది.
వాసన చూసి మొహం తిప్పుకుంది.
తెప్పలోళ్ళు తెచ్చిన పచ్చి కవ్వళ్ళ గంపలోకి
కాటా మీంచి ఒక్క దూకు.

అప్పలకొండ చెయ్యి
అలవాటుగా కర్ర కోసం తడిమింది.