దిగుడు

షెఫీల్డ్‌లో ఇళ్ళన్నీ కొండను పట్టుకుని వేలాడుతుంటాయి.
ఇరవై ఆరేళ్ళు ఈ వాలుల మీదే బస్సు తోలాను.
దారిలో ప్రతి గుంతా
నా వెన్నులో సంతకం పెట్టి పోయిందని
ఇప్పుడు తెలుస్తోంది.

పొద్దున్నే మొదటి పేచీ మేజోడుతో.
పాదం అక్కడే ఉంది, నా పాదమే.
చెయ్యి మాత్రం పొరుగూరి నుంచి రావాల్సినట్టుంటుంది.
సుభాషిణి చూసి, చూడనట్టు
టీ పెట్టడానికి వెళ్తుంది.
అది ఆమె మర్యాద.

ఫిజియో కుర్రాడు గారెత్
స్కాను బొమ్మ చూపించాడు.
"ఏదీ విరగలేదు, అరిగింది.
నరం వెళ్ళే దారి కాస్త ఇరుకైంది."
ఇరుకు సందులో డబుల్ డెక్కర్ అని
నాకు అర్థమయ్యేలా నేనే చెప్పుకున్నాను.
హారన్ కొట్టి లాభం లేదు.

ప్రతి పనికీ నడుం బిగించమనేవాడు మా నాన్న.
ఇప్పుడది నన్నడక్కుండానే బిగుసుకుంటుంది.
పోనీ నడుం వాలిస్తే తగ్గుతుందేమోనని
మూడు వారాలు వాల్చాను.
లేచేసరికి తుప్పుపట్టిన తలుపు కీలు.
"కదలండి" అన్నాడు గారెత్,
"నొప్పి పుట్టిన ప్రతిసారీ ఏదో పాడైపోతున్నట్టు కాదు."
ఒక్కటి మాత్రం కాగితం మీద రాసిచ్చాడు:
కూర్చునే చోట తిమ్మిరెక్కినా, ఒంటేలు బిగిసినా
తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆస్పత్రి.
ఆ కాగితం ఫ్రిజ్ మీద, పాల లెక్క పక్కన ఉంది.

వింతేమిటంటే, ఎక్కడం సులువు.
ముందుకు వంగితే లోపలి సందు కాస్త తెరుచుకుంటుంది.
వాక్లీ లైబ్రరీ దాకా ఆగకుండా వెళ్తాను.
దిగేటప్పుడే.
వెన్ను వెనక్కి వాలుతుంది,
తొడల్లోకి సీసం దిగుతుంది,
రెండు గేట్లకోసారి
ఎవరిదో ఒకరి పిట్టగోడ అప్పు తీసుకుంటాను.

మొన్న ఒక గోడ మీద ముందే ఒకాయన,
డెరెక్, స్టీలు మిల్లు మనిషి.
జరిగి చోటిచ్చాడు.
"ఎల్ ఫోరా, ఎల్ ఫైవా?"
ఏ రూటు బస్సని అడిగినట్టే అడిగాడు.
"రెండూ" అన్నాను.
మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి, ఇద్దరం వంగి,
కింద ఊరు దీపాలు పెట్టుకోవడం చూస్తూ కూర్చున్నాం.

మలుపులో ఒక బస్సు
మూలుగుతూ ఎక్కుతోంది.
డ్రైవరు పిల్ల, పాతికేళ్ళుండవు,
సీటులో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.
చెయ్యి ఊపాను. తనూ ఊపింది, నేనెవరో తెలీక.
నడుం వెనక తువ్వాలు చుట్టి పెట్టుకోమ్మా
అందామని లేవబోయాను.

లేచేసరికి బస్సు కొండెక్కేసింది.